కదిలితేనే నడుము

ఏళ్ల తరబడి వదలని నడుం నొప్పికి బెల్టులు కడుతున్నాం, కరెంటు పెట్టించుకుంటున్నాం, మంచానికే పరిమితమవుతున్నాం. నొప్పి మాత్రం అక్కడే ఉంటోంది. అరవై దాటినవాళ్ల నడుముకు నిజంగా పనికొచ్చే ఫిజియోథెరపీ ఎలా ఉంటుంది?

సాయంత్రమయ్యేసరికి ఏ పట్టణంలో చూసినా ఫిజియోథెరపీ క్లినిక్‌ ముందు కుర్చీలు నిండిపోతాయి. లోపల పరదాలు కట్టిన మంచాల మీద పెద్దవాళ్లు బోర్లా పడుకుని ఉంటారు. నడుముకు తడి ప్యాడ్లు, వాటికి వైర్లు. కాసేపటికి టైమర్‌ మోగుతుంది. ‘కరెంటు’ అయిపోయినట్టు. లేచి, బెల్టు బిగించుకుని, ఆటో ఎక్కి ఇంటికి. డాక్టరు రాసిన పది రోజులూ హాయిగానే గడుస్తాయి. ఆ తర్వాత నొప్పి మళ్లీ మొదలు.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద తొలిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆపరేషన్‌ లేకుండా చేసే చికిత్సల్లో ఏవి పనికొస్తాయో, ఏవి అక్కర్లేదో విడమరిచి చెప్పింది. నడుము బెల్టు, ట్రాక్షన్‌, అల్ట్రాసౌండ్‌ యంత్రం, ‘టెన్స్‌’ అనే కరెంటు యంత్రం... ఇవన్నీ మామూలుగా వాడనక్కర్లేని జాబితాలోకే వెళ్లాయి. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించడం మాత్రం చేయదగ్గ వాటిలో నిలిచాయి. పెద్దవయసు వాళ్ల సంగతి ప్రత్యేకంగా పరిశీలించాకే ఆ సంస్థ ఈ మాట చెప్పింది.

అంటే క్లినిక్‌లో మనం ఎక్కువ సమయం దేనికి ఖర్చుపెడుతున్నామో దానికి ఆధారం తక్కువ. చివర్లో ‘ఇంటి దగ్గర ఇవి చేసుకోండమ్మా’ అంటూ చేతిలో పెట్టే బొమ్మల కాగితానికి ఆధారం ఎక్కువ. ఆ కాగితం చాలా ఇళ్లలో ఎమ్మారై కవరులోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

అరిగితే నొప్పేనా?

నడుం నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలికం అంటారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారనీ, 2050కల్లా ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందనీ అంచనా. మనిషిని రోజువారీ పనులకు దూరం చేసే సమస్యల్లో ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం దీనిదే. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. వయసుతోపాటు పెరుగుతూ 80-85 ఏళ్ల మధ్య దీని బాధ పతాకస్థాయికి చేరుతుంది. నాట్లు వేసి, కలుపు తీసి, బిందెలు మోసి, పొట్టి చీపురుతో వంగి ఊడ్చి బతికిన తరం ‘అరిగిపోయింది, ఇంకేం ఉంది’ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే నడుం నొప్పుల్లో పదింట తొమ్మిదింటికి ఫలానా ఎముక, ఫలానా డిస్కు అని వేలుపెట్టి చూపించగల కారణం ఉండదు. కండరాల నీరసం, కీళ్ల బిగుతు, నిద్రలేమి, దిగులు, భయం, కదలకపోవడం... ఇవన్నీ కలిసి నొప్పిని నిలబెడతాయి. ఈ మాట చాలామందికి రుచించదు. ‘మరి ఎమ్మారైలో కనబడిందిగా!’ అంటారు.

ఎమ్మారైలో కనబడేదేమిటో చూద్దాం. నడుం నొప్పి ఏమాత్రం లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్‌ ఫలితాలను ఒకచోట చేర్చి 2015లో ఓ అధ్యయనం ప్రచురించారు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంది. ఎనభై ఏళ్ల వాళ్లలో అది 96 శాతం. డిస్కు ఉబ్బడమైతే ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి కనిపించింది. వీళ్లలో ఏ ఒక్కరికీ నొప్పి లేదు. తల నెరవడం తలనొప్పికి కారణం కానట్టే, రిపోర్టులో ‘ఎల్‌4-ఎల్‌5 డీజెనరేషన్‌’ అని రాసి ఉన్నంత మాత్రాన అదే నొప్పికి మూలమని తేల్చలేం.

రిపోర్టు పుట్టించే భయం మాత్రం నిజంగానే హాని చేస్తుంది. ‘డిస్కు జరిగింది’, ‘గ్యాప్‌ వచ్చింది’, ‘నరం నొక్కుకుంది’ అని విన్న రోజు నుంచి మనిషి వంగడం మానేస్తాడు. తర్వాత బరువెత్తడం, మెట్లెక్కడం, ఊరెళ్లడం ఒక్కొక్కటే తగ్గిపోతాయి. ప్రమాద సూచనలేవీ లేనప్పుడు స్కాన్‌కు తొందరపడొద్దని వైద్య మార్గదర్శకాలు పదేపదే చెప్పేది ఇందుకే.

ప్రేమతో కూర్చోబెడుతున్నాం

‘నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాగా’ అంటుంది కోడలు. అమ్మ ముగ్గేయడం మానేస్తుంది. ‘పాలప్యాకెట్టు యాప్‌లో వస్తుంది, మీరెందుకు నాన్నా’ అంటాడు కొడుకు. నాన్న వీధి చివరిదాకా వెళ్లడం మానేస్తాడు. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కణ్నుంచే రిక్లైనర్‌ కుర్చీ బుక్‌ చేస్తారు. అందులో కూర్చుంటే సీరియల్‌ తర్వాత సీరియల్‌ నడుస్తుంటుంది తప్ప లేవాల్సిన పనే పడదు. ఎవరి మీదా తప్పు లేదు, అందరిదీ ప్రేమే. నడుము మాత్రం ఈ ప్రేమ వల్లే చిక్కిపోతుంది.

వయసు పైబడ్డాక కండ దానంతటదే కరుగుతుంది. కదలకపోతే ఇంకా వేగంగా కరుగుతుంది. వెన్నును పట్టి ఉంచే లోపలి కండరాలు, పిరుదులు, తొడలు నీరసిస్తే కుర్చీలోంచి లేవడం కూడా నడుముకు మోపెడు బరువే. నొప్పి ఉందని కదలరు, కదలక బలం పోతుంది, బలం పోయాక చిన్న పనికే నొప్పెడుతుంది. వంగితే లోపల ఏదో విరిగిపోతుందన్న భయం ఈ చక్రాన్ని తిప్పుతూ ఉంటుంది.

పడుకుంటే తగ్గుతుందన్న నమ్మకాన్ని 1995లోనే ఓ పరిశోధన గట్టిగా ప్రశ్నించింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకీ నగరపాలక ఉద్యోగుల్లో కొత్తగా నడుము పట్టేసిన 186 మందిని మూడు బృందాలు చేశారు. ఒక బృందాన్ని రెండు రోజులు మంచం దిగొద్దన్నారు. రెండో బృందంతో వ్యాయామాలు చేయించారు. మూడో బృందాన్ని ఓర్చుకోగలిగినంత మేర ఎప్పటి పనులు చేసుకోమన్నారు. అందరికన్నా బాగా కోలుకున్నది మూడో బృందం. అందరికన్నా వెనకబడింది మంచం మీద ఉన్న బృందం. నిన్నామొన్నా వచ్చిన నొప్పికే మంచం పనికిరానప్పుడు ఏళ్లనాటి నొప్పికి ఎలా మందవుతుంది?

‘పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకో’ అన్న సలహాదీ అదే కథ. స్పెయిన్‌లో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి మూడు నెలలు గమనించారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు.

అందరి నడుమూ ఒకటి కాదు

మంచి ఫిజియోథెరపిస్టు మొదటి రోజే యంత్రం స్విచ్‌ వేయరు. ఏ పనికి నొప్పి పెరుగుతోంది, ఎలా ఉంటే తగ్గుతోంది, పొద్దున ఎక్కువా సాయంత్రమా, కాలిలోకి దిగుతోందా, ఈమధ్య కిందపడ్డారా అని అడుగుతారు. నడిపించి, వంచి, కూర్చోబెట్టి, లేపి చూస్తారు. ఎందుకంటే పక్కింటావిడకు బాగా పనిచేసిన వ్యాయామమే మీకు బెడిసికొట్టొచ్చు.

నాలుగడుగులు నడిస్తే పిక్కలు లాగి, ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ కూర్చోవాలనిపిస్తోందా? కూర్చోగానే హాయిగా ఉంటోందా? పెద్దవయసులో ఇది నరాల దారి ఇరుకైపోయిందనడానికి సూచన కావచ్చు. డాక్టర్లు ‘కెనాల్‌ స్టెనోసిస్‌’ అంటారు. ముందుకు వంగినప్పుడు ఆ దారి కాస్త వెడల్పవుతుంది. అందుకే వీళ్లు సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ మీద వాలి ఎంతసేపైనా తిరగగలరు, సైకిల్‌ తొక్కగలరు. నిటారుగా మాత్రం వీధి మలుపు దాకా వెళ్లలేరు. మోకాళ్లను గుండెల దగ్గరికి తెచ్చుకునే వ్యాయామాలు, కదలని సైకిల్‌ తొక్కడం వీళ్లకు పనికొస్తాయి.

ఇంకొందరిది సరిగ్గా దీనికి తలకిందులు. కూర్చుంటే నొప్పి, వంగితే నొప్పి, వెనక్కి వాలితే సుఖం. ఈ తేడా వైద్యుల దృష్టికి వచ్చిన కథ ఒకటుంది. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్‌ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వారాలుగా తగ్గని నొప్పితో ఒకాయన వచ్చాడు. లోపలికెళ్లి బోర్లా పడుకోమన్నాడు మెకంజీ. అంతకుముందు రోగి కోసం తలవైపు పైకెత్తిన బల్ల అలాగే ఉండిపోయింది. ఈయన దాని మీదే నడుము వెనక్కి వంగేలా పడుకున్నాడు. వచ్చి చూసిన మెకంజీకి గుండె ఆగినంత పనైంది. నడుమును అలా వంచడం హాని అని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. రోగి మాత్రం కొన్ని వారాల్లో ఇంత సుఖంగా ఎప్పుడూ లేదన్నాడు. ఏ దిశలో కదిలితే నొప్పి కాలి నుంచి నడుముకు వెనక్కి మళ్లుతుందో కనిపెట్టి, అదే దిశలో వ్యాయామం చేయించే ‘మెకంజీ పద్ధతి’ అలా మొదలైంది.

మూడో రకం ఎముకలు గుల్లబారినవాళ్లు. వీళ్ల విషయంలో జాగ్రత్త మరీ ముఖ్యం. ఇలాంటి 59 మంది ఆడవాళ్లను అమెరికాలోని మేయో క్లినిక్‌ పరిశోధకులు గమనించి 1984లో ఫలితాలు ప్రచురించారు. నడుమును ముందుకు వంచే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. వెనక్కి వంచి వీపు కండరాలను బలపరిచే వ్యాయామాలు చేసినవాళ్లలో అది 16 శాతమే. చిన్న అధ్యయనమే అయినా హెచ్చరిక చిన్నది కాదు. ఎముకల సాంద్రత తగ్గిన అమ్మలు టీవీలో చూసి సిటప్స్‌కో, పశ్చిమోత్తానాసనానికో దిగితే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఆపరేషన్‌ మాటొస్తే: నరాల దారి ఇరుకైన 169 మందిలో సగం మందిని ఆపరేషన్‌కూ, మిగిలిన సగాన్ని ఫిజియోథెరపీకీ పంపి రెండేళ్లు చూశారు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌ పరిశోధకులు. 2015లో వచ్చిన ఫలితాల్లో రెండు బృందాల కదలికల్లోనూ పెద్ద తేడా లేదు. ఫిజియోథెరపీ బృందంలో సగానికి పైగా తర్వాత ఆపరేషన్‌ చేయించుకున్నారన్నదీ నిజమే. ఆపరేషన్‌ అవసరమయ్యేవాళ్లు ఉంటారు. ముందు వ్యాయామాన్ని నిజాయతీగా ప్రయత్నించడం వల్ల చాలామందికి పోయేదేమీ లేదు.

ఇంతకీ ఏం చేయాలి?

పెద్దవాళ్లకు సాధారణంగా నేర్పే వ్యాయామాలు చూడటానికి చాలా మామూలుగా ఉంటాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి, పొట్ట బిగించి, నడుమును పరుపుకు ఆనించడం. అదే భంగిమలో పిరుదులను పైకి లేపి కొన్ని సెకన్లు ఉంచడం. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాచడం, తర్వాత వైపు మార్చడం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇదే వ్యాయామాన్ని వంటగట్టు పట్టుకుని నిలబడి చేయొచ్చు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం. గోడ పట్టుకుని మడమలు పైకి లేపడం. కింద కూర్చుంటే లేవలేమన్న బెంగ అక్కర్లేదు. పడుకుని చేసేవన్నీ గట్టి మంచం మీద చేసుకోవచ్చు.

వీటిలో ఏది గొప్ప? వ్యాయామం మీద జరిగిన 249 ప్రయోగాలను కోక్రేన్‌ సంస్థ 2021లో సమీక్షించింది. ఏ చికిత్సా లేకపోవడం, మామూలు చికిత్స లాంటివాటితో పోలిస్తే వ్యాయామం వల్ల నొప్పి వంద పాయింట్ల కొలతలో సగటున 15 పాయింట్లు తగ్గిందని తేల్చింది. పదిహేనేనా అనిపించొచ్చు. గుడి మెట్ల దగ్గర ఆగిపోయేవాళ్లు మెట్లెక్కడానికి కొన్నిసార్లు ఆ పదిహేనే చాలు. యోగా అయినా, పిలాటిస్‌ అయినా, నీళ్లలో చేసేవైనా మీ ఒంటికి సరిపడి, మానకుండా చేయగలిగినదే మీకు మంచిది.

ఖర్చులేని మందు నడక. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందితో ఓ ప్రయోగం చేసి 2024లో ప్రచురించారు. ఫిజియోథెరపిస్టు సలహాతో నెమ్మదిగా నడక పెంచుకుంటూ, వారానికి అయిదుసార్లు అరగంట నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. ఏమీ చేయనివాళ్లకు 112 రోజులకే తిరగబెట్టింది. అరగంట ఒకేసారి నడవలేకపోతే మూడు పది నిమిషాలుగా నడవండి.

‘ఈ వయసులో కండ ఏం పెరుగుతుంది?’ అనేవాళ్లకు 1990లో బోస్టన్‌లోని ఓ వృద్ధుల సంరక్షణ కేంద్రం జవాబిచ్చింది. తొంభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. చివరిదాకా చేసినవాళ్ల కాలిబలం సగటున 174 శాతం పెరిగింది.

నొప్పి పుడితే ఆపేయాలా?

చాలామంది వ్యాయామం మానేసేది మూడో రోజో నాలుగో రోజో. ‘చేస్తే ఇంకా ఎక్కువైంది’ అంటారు. నెలల తరబడి వాడని కండరాలు పనిలో పడితే కొంత సలుపు సహజం. ఫిజియోథెరపిస్టులు ఓ సులువైన కొలత చెబుతారు. పదికి నాలుగైదు దాటని నొప్పి, మర్నాటి పొద్దుటికి మామూలైపోయే నొప్పి అయితే కొనసాగించొచ్చు. అది దాటితే ఆపక్కర్లేదు, సగానికి తగ్గించాలి. కాలిలోకి కొత్తగా తిమ్మిరో, నీరసమో దిగితే మాత్రం ఆపి డాక్టరుకు చెప్పాలి. తేడా తెలియడానికి కొందరికి ఆరు వారాలు, కొందరికి మూడు నెలలు పట్టొచ్చు.

మర్దన వద్దని ఎవరూ అనరు. కాపడం, కరెంటు కాసేపు హాయినిస్తే ఇవ్వనివ్వండి. ఆ హాయి ఉన్న గంటలో లేచి వ్యాయామం చేస్తేనే దానికో ప్రయోజనం. మాత్రల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. చాలా రకాల నొప్పి బిళ్లల వల్ల పెద్దవాళ్లలో మూత్రపిండాలు దెబ్బతినొచ్చు, కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు. మందుల షాపులో అడిగి వాడుకోకండి. ఏముందో చెప్పని ఇంజెక్షన్ల జోలికి అసలే వెళ్లకండి. వాటిలో స్టెరాయిడ్లు ఉంటే గుల్ల ఎముకలు ఇంకా గుల్లవుతాయి, షుగరు అదుపు తప్పుతుంది.

వెంటనే డాక్టరును కలవాల్సిన సూచనలు

• మూత్రం, మలం మీద అదుపు తప్పడం, మూత్రం బిగుసుకుపోవడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం. ఇవి అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.
• కాళ్లలో బలం తగ్గుతూ రావడం, పాదం ఈడ్చి నడవడం.
• జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం. మన దేశంలో వెన్నుపూసల టీబీని మర్చిపోకూడదు.
• గతంలో క్యాన్సర్‌ వచ్చి ఉండటం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి.
• కిందపడ్డాక, లేదా చిన్న బరువెత్తాక హఠాత్తుగా వచ్చిన తీవ్ర నొప్పి. స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్లు మరీ జాగ్రత్త.

ముప్ఫై సెకన్ల పరీక్ష

చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరు ఉండాలి. 65-69 ఏళ్ల మగవాళ్లు 12, ఆడవాళ్లు 11 కన్నా తక్కువసార్లు లేస్తే, 75-79 ఏళ్లలో మగవాళ్లు 11, ఆడవాళ్లు 10 కన్నా తక్కువసార్లు లేస్తే కాళ్లలో బలం తగ్గినట్టు, పడిపోయే ప్రమాదం పెరిగినట్టు లెక్క. నెలకోసారి చూసుకుని రాసి పెట్టుకుంటే మెరుగుదల మీకే తెలుస్తుంది.

క్లినిక్‌లో ఏం అడగాలి?

మన దేశంలో 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు ఫిజియోథెరపీ అందాలని చెబుతోంది. ముందు అక్కడ వాకబు చేయండి. ప్రైవేటుకు వెళితే బీపీటీ, ఎంపీటీ లాంటి అర్హతలు చూడండి. 2021లో వచ్చిన చట్టం ఫిజియోథెరపిస్టులను జాతీయ స్థాయి కమిషన్‌ పరిధిలోకి తెచ్చింది కాబట్టి అర్హత గురించి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

నాలుగు ప్రశ్నలు తప్పక అడగండి. నా నొప్పి ఏ రకం? నేను సొంతంగా చేయాల్సిన వ్యాయామాలేవి? వాటిని ఎప్పుడు, ఎంత పెంచాలి? మీ దగ్గరికి రావడం ఎప్పుడు ఆపేయొచ్చు? నాలుగో ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చేవాళ్లు మంచి ఫిజియోథెరపిస్టులు. వారాలు గడిచినా మంచం మీద పడుకోబెట్టి వైర్లు తగిలించడం తప్ప ఒక్క వ్యాయామమూ నేర్పని చోటికి వెళ్లడం మానేయండి.

పిల్లలకో మాట. ఈ ఆదివారం అమ్మకో, నాన్నకో ఫోన్‌ చేస్తే ‘రెస్టు తీసుకోండి’ అనకండి. ‘ఈ రోజు ఎంత నడిచారు, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు’ అని అడగండి. ఇంట్లో ఉంటే వాళ్ల చేతిలో పని లాక్కోకండి, పక్కన నిలబడి చేయనివ్వండి. పెద్దలకో మాట. ఎమ్మారై కవరులో ఉన్న ఆ బొమ్మల కాగితాన్ని బయటికి తీయండి. ఫిజియోథెరపిస్టుకు చూపించి మీకు సరిపడేవేవో మళ్లీ ఒకసారి అడగండి. వాటిని రేపటి నుంచి మీరే చేయాలి, మీ బదులు ఏ యంత్రమూ చేసిపెట్టదు.